ప్రాణదాత యల్లాప్రగడ

మానవ శరీరం నిత్యనూతనమైనది. నోటి లోపలి పలుచని పొర అనుదినం అరిగిపోతూ, తిరిగి పుడుతూ ఉంటుంది. వేడి అన్నం తగిలి పొక్కిన నోరు కొద్ది రోజుల్లోనే మానడానికి ఈ శక్తియే కారణం. అది క్షీణిస్తే నాలుక నున్నబడి, మండి, ముద్ద మింగడమే కష్టమవుతుంది. అట్టి రుగ్మతకు మందు అందించిన మహనీయులలో తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఇంట పేదరికం తాండవించేది. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని పదమూడో ఏట ఇల్లు విడిచారు. తల్లి వెనుకకు రప్పించి చదువులో పెట్టింది. మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

ఇంతలో ఆ కుటుంబంపై పిడుగు పడింది. నోరు పుండై, తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించే స్ప్రూ వ్యాధి ఇద్దరు సోదరులను కొద్ది దినాల వ్యవధిలోనే బలిగొన్నది. తానూ ఆ వ్యాధి బారిన పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. నాటి నుండి వైద్య పరిశోధనయే ఆయన జీవిత లక్ష్యమైనది.

మామగారి సహాయంతో అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను వారు వెలికితీశారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వాన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కణం రెండుగా విడిపోవాలంటే ఈ విటమిన్ అవసరం. రక్తకణాలు, నోటి పొర వేగంగా పుట్టేవి గనుక దాని కొరత మొదట అక్కడే కనబడుతుంది. సోదరులను కబళించిన వ్యాధికి అది దివ్యౌషధమైనది.

ఈ సూత్రాన్నే తలక్రిందులు చేసి, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం రూపొందించింది. దానితో ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను వెల్లడించారు. అట్టి మందులు క్యాన్సర్ కణాలతోపాటు నోటి పొర పెరుగుదలనూ ఆపుతాయి. అందువల్లనే ఆ చికిత్సలో నోటిపూత వస్తుంది.

బోదకాలును అదుపుచేసే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషిఫలమే. 2004లో ఆరంభమైన జాతీయ కార్యక్రమంలో కరీంనగర్ జిల్లా ప్రజలకు పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఆదిలాబాద్ అటవీ గ్రామాల గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

1948 ఆగస్టులో, స్వదేశానికి తిరిగి రాకుండానే, సుబ్బారావు కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. ఆయన శ్రమ ఫలితం మాత్రం నేటికీ రోగుల ప్రాణాలను నిలుపుతూనే ఉన్నది.