మెడోస్ టేలరు

ఫిలిప్ మెడోస్ టేలరు 1808లో లివర్‌పూలు నగరమున జన్మించెను. 1824లో బొంబాయి చేరి, పిదప నైజాము సైన్యమున ప్రవేశించి, దేశభాషలు నేర్చెను. 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను నేరనవలను వెలువరించెను. అందు బాటసారులకు ఉరిబిగించు అమీరలీ మన హైదరాబాదు వీథులందును సంచరించును. దారిదోపిడిగాండ్రు నాడు లేకపోలేదు. కాని కొందరి పాపము తూర్పుదేశీయులందరి స్వభావమను అపోహకు ఆ నవల ఊతమిచ్చెను.

చిత్రమేమనగా, అటుపిమ్మట ఆయన 1853 వరకు సురపుర సంస్థానమును చక్కబెట్టి, ఆ ప్రజల యభిమానమునే పొందెను. 1876లో గతించెను.

అపోహ మాత్రము గతింపలేదు. పుట్టుకతోనే నేరస్థులుందురను తలంపు 1871లో నేరజాతుల చట్టమాయెను. పిదప మన యెరుకలవారికిని ఆ ముద్ర పడెను. 1952లో గాని అది తొలగలేదు. నేరము మనిషిది, జాతిది గాదు. నేరకథ చేతబట్టిన పాఠకుడు ఈ లెక్క తప్పరాదు.