రెటీనా కెమెరాను అందించిన అగస్ట్ నాగెల్

ఎవరెస్టు శిఖరం మీద మంచుగొడ్డలి పైకెత్తి నిలబడ్డ టెన్సింగ్ ఫోటో చూడనివాళ్ళు మనలో బహుశా ఉండరు. 1953 మే 29న ఆ ఫోటో తీసినవాడు హిల్లరీ. అందుకు వాడింది యుద్ధానికి ముందు తయారైన రెటీనా అనే చిన్న జర్మన్ కెమెరా. దాన్ని లోకానికి అందించిన అగస్ట్ నాగెల్ పేరు మాత్రం మనకి పెద్దగా తెలియదు.

నాగెల్ 1882లో జర్మనీలోని ట్యూబింగెన్ దగ్గర ఫ్రోన్‌డోర్ఫ్ గ్రామంలో జన్మించాడు. 1908లో డ్రెక్స్‌లర్ అనే భాగస్వామితో కలిసి స్టుట్‌గార్ట్‌లో కెమెరాల కంపెనీ పెట్టాడు. వాళ్ళ కాంటెస్సా కెమెరాలకి మంచి పేరొచ్చింది. 1918లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1926లో ఆ కంపెనీ మరో మూడింటితో కలిసి జైస్ ఐకాన్ అయింది. అంత పెద్ద సంస్థలో ఇంకొకరైతే హాయిగా ఉండిపోయేవారే. ఈయన 1928లో బయటికొచ్చేసి, నలభై అయిదేళ్ళు నిండిన వయసులో మళ్ళీ సొంత ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. అంతలోనే ప్రపంచాన్ని ఆర్థిక మాంద్యం ముంచేసింది. కొన్నేళ్ళకే ఫ్యాక్టరీ అమెరికా వారి కోడక్ చేతికి పోయింది. యజమాని మారాడు గానీ నాగెల్ పని వదల్లేదు.

ఆ పట్టుదల ఫలితమే 1934 డిసెంబరులో వచ్చిన రెటీనా. మూసేస్తే కోటు జేబులో పట్టేది. ఖరీదులో లైకా కన్నా చాలా తక్కువ. అంతకుముందు 35 మిల్లీమీటర్ల ఫిల్ముని సాధారణంగా చీకటిగదిలో డబ్బీలోకి చుట్టుకోవాల్సి వచ్చేది. రెటీనాతోపాటు కోడక్ ముందే ఫిల్ము నింపిన డబ్బీని అమ్మకానికి పెట్టింది. ఫిల్ము బయటికొచ్చే సన్నని మూతికి నల్లని మెత్తటి గుడ్డ అతికించి ఉంటుంది గనక వెలుతురు లోపలికి పోదు. పగటిపూటే కెమెరాలో వేసుకోవచ్చు. పైగా అదే డబ్బీ లైకాలోనూ, కాంటాక్సులోనూ పట్టేది.

1943 అక్టోబరు 30న నాగెల్ కన్నుమూశాడు. యుద్ధం ముగియడం ఆయన చూడలేదు. ఆ తర్వాత అదే ఫ్యాక్టరీ నుంచి 1951లో రెటీనా 2-ఎ, 1954లో వెలుతురు కొలిచే మీటరుతో 3-సి వచ్చాయి. రెటీనాల తయారీ 1969లో ఆగిపోయింది.

మిత్రులారా, నాగెల్ పెట్టిన రెండు కంపెనీలూ చేతులు మారాయి. రెటీనా మీద ఉన్నది కోడక్ పేరే. అయినా 35 మిల్లీమీటర్ల ఫిల్ము నేటికీ ఆ డబ్బీలోనే దొరుకుతోంది. చేసిన పని నలుగురికీ పనికొస్తే, దానిమీద మన పేరు లేకపోయినా అది నిలబడుతుంది.