ఆరోగ్య పథదర్శి – సర్ రోనాల్డ్ రాస్

చెరువులూ కుంటలూ ఉత్తర తెలంగాణ పల్లెలకు ప్రాణాధారాలు. కరీంనగర్ ప్రాంతంలోని జమ్మికుంట వంటి ఊళ్లు తమ పేర్లలోనే నీటి జాడను నిలుపుకొన్నాయి. పైరుకు ప్రాణం పోసే ఆ నీరే ఇళ్ల నడుమ గుంటల్లో, పూడుకుపోయిన కాలువల్లో కదలిక లేక నిలిచిపోతే మనిషికి ముప్పుగా పరిణమిస్తుంది. వానకాలం వెళ్లేసరికి ఊళ్లను పట్టి పీడించే చలిజ్వరానికీ, ఈ నిలువనీటికీ ఏదో సంబంధం ఉన్నదని పూర్వులు ఊహించారు. కాని ఆ సంబంధం ఏమిటో వారికి తెలియదు. బురదనేలల నుండి వెలువడే చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని ఐరోపావాసులు నమ్మారు. ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థమిచ్చే మాటల నుండే మలేరియా అనే పేరు పుట్టింది. దోషం గాలిది కాదనీ, నీటిలో పుట్టే దోమదనీ తెలిపే తొలి బలమైన సాక్ష్యం తెలంగాణ గడ్డమీదనే, సికింద్రాబాదులో లభించింది. ఆ సాక్ష్యాన్ని లోకానికి అందించినవాడు సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినాలే అయింది. తండ్రి భారత సైన్యంలో ఉన్నతాధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల ప్రాయంలో చదువుకోసం ఆయనను ఇంగ్లండు పంపారు. బాల్యం నుండి ఆయన మనస్సు కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం వైపు మొగ్గింది. తండ్రి మాత్రం కుమారుడు వైద్యుడై భారతదేశంలో కొలువు చేయాలని కోరుకున్నాడు. ఆ కోరిక మేరకు రాస్ లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరాడు. చదువులో అంతగా రాణించలేదు. కొంతకాలం ఓడలలో వైద్యునిగా పనిచేసి, 1881లో భారతీయ వైద్య సర్వీసులో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చాడు.

1883లో బెంగుళూరులో పనిచేస్తున్నప్పుడు జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన ఆలోచనకు బీజం వేసింది. తాను నివసించే బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. కిటికీ వద్ద ఉంచిన నీటితొట్టిలో లార్వాలు కదలాడుతుండటం గమనించి, ఆయన ఆ నీటిని పారబోయించాడు. దోమలు తగ్గాయి. అధికారుల భోజనశాల వద్ద ఉన్న తొట్లను కూడా అలాగే ఖాళీ చేయించమని పై అధికారిని కోరాడు. సృష్టిక్రమంలో జోక్యం చేసుకోవడం తగదంటూ ఆ అధికారి నిరాకరించాడు. దోమకూ జ్వరానికీ గల సంబంధం అప్పటికి రాస్‌కు తెలియదు. అయినప్పటికీ, పరిసరాలను సరిదిద్దితే మనిషి బాధ తగ్గుతుందనే విషయం, దానికి అధికారుల సమ్మతి దొరకడం ఎంత కష్టమో అనే విషయం, ఆయనకు ఆనాడే అనుభవంలోకి వచ్చాయి.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లిన రాస్ ప్రజారోగ్యశాస్త్రంలో డిప్లొమా పొందాడు. సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించాడు. 1894లో మరల సెలవుపై వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యునితో పరిచయమేర్పడింది. మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో కనుగొన్నాడు. మాన్సన్ ఆ జీవిని సూక్ష్మదర్శినిలో రాస్‌కు చూపించాడు. బోదవ్యాధి క్రిములు దోమలో పెరుగుతాయని అంతకుముందే నిరూపించిన మాన్సన్, మలేరియా విషయంలోనూ దోమ పాత్ర ఉండవచ్చునని భావించాడు. ఆ ఊహను పరీక్షించాలనే సంకల్పంతో రాస్ 1895లో భారతదేశానికి తిరిగివచ్చి సికింద్రాబాదులో విధులలో చేరాడు.

పరిశోధన మొదలైన కొద్ది మాసాలకే ఆటంకం ఎదురైంది. బెంగుళూరులో కలరా ప్రబలింది. దానిని అరికట్టే పనిపై ప్రభుత్వం ఆయనను అక్కడికి పంపింది. బావులు, మురుగుకాలువలు, చెత్తకుప్పలు, పేదవాడల ఇరుకు సందులు ఆయన నిత్య పరిశీలనాంశాలైనాయి. వైద్యశాలలో రోగిని చూసే వైద్యుడు, వీధిలో రోగకారణాన్ని చూడటం అక్కడ అలవరచుకున్నాడు. మరుసటి ఘట్టానికి ఈ అనుభవం ఎంతో తోడ్పడింది.

1897 జూన్‌లో రాస్ తిరిగి సికింద్రాబాదు చేరాడు. బేగంపేటలోని వైద్యశాలలో దినమంతా దోమలను కోసి పరిశీలించసాగాడు. అది తీవ్రమైన ఉక్కపోత కాలం. పంకా వేస్తే కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయి. కనుక చెమటలో తడుస్తూనే పనిచేసేవాడు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. దాని కటకం కూడా పగిలింది. రెండేళ్లుగా ఆయన పరీక్షించినవన్నీ బూడిదరంగు దోమలు, చారల దోమలు. వాటిలో మలేరియా క్రిమి జాడ లేదు. ఆగస్టు మాసంలో ఆయన సహాయకుడు కొన్ని లార్వాలను సేకరించి తెచ్చాడు. వాటి నుండి రెక్కలపై మచ్చలు గల కొత్తరకం దోమలు పుట్టాయి. తరువాతి కాలంలో అనాఫిలిస్‌గా ప్రసిద్ధమైన జాతి ఇదే.

హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ దోమలచేత కుట్టించుకోవడానికి అంగీకరించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. ఆగస్టు 20న, మిగిలిన దోమలలో ఒకదానిని కోసి చూడగా దాని జీర్ణాశయ కుడ్యంలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులున్నాయి. రోగుల రక్తంలోని మలేరియా క్రిమిలో కనిపించే రేణువులు కూడా సరిగ్గా అటువంటివే. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరికొంత పెద్దవైనాయి. అనగా క్రిమి దోమలో బ్రతికి పెరుగుతున్నదన్నమాట. ఆ ఫలితం అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది. ఈ విజయంలో రాస్ పట్టుదలతో పాటు, లార్వాలను వెతికి తెచ్చిన సహాయకునికీ, అణాల కోసమే అయినా తన శరీరాన్ని పరీక్షకు ఒప్పగించిన ఒక సామాన్యునికీ భాగమున్నది.

ఇంతటి ఆవిష్కరణ జరిగిన నెల రోజులకే ప్రభుత్వం రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. మలేరియా రోగులు అరుదుగా ఉండే ఆ ప్రదేశంలో పరిశోధన స్తంభించింది. మాన్సన్ పట్టుబట్టి చేసిన ప్రయత్నం వల్ల 1898 ఆరంభంలో కలకత్తాలో పరిశోధనకు అనుమతి లభించింది. ప్లేగు టీకాల భయంతో అక్కడి ప్రజలు సూదిపోటుకు సమ్మతించలేదు. అందువల్ల రాస్ పక్షులకు సోకే మలేరియాను ఎంచుకున్నాడు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు ఆయనకు కుడిభుజమై నిలిచాడు. 1898 జూలైలో క్రిమి దోమ కడుపు నుండి లాలాజల గ్రంథులకు చేరుతుందనీ, దోమ కుట్టినప్పుడు ఆరోగ్యమైన పక్షికి సంక్రమిస్తుందనీ రాస్ రుజువు చేశాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనుషులకు మలేరియాను వ్యాపింపజేసేది అనాఫిలిస్ దోమయేనని నిరూపించారు. ఆవిష్కరణ ఘనత ఎవరిదనే విషయమై రాస్‌కూ గ్రాసీకీ మధ్య ఏళ్ల తరబడి తీవ్ర వివాదం నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌ను వరించింది. భారతదేశంలో జన్మించినవారిలో నోబెల్ పొందిన ప్రథముడు ఆయనే.

బహుమతితో రాస్ కృషి ముగియలేదు. నిజానికి కష్టతరమైన భాగం అప్పుడే ఆరంభమైంది. రోగకారణం తెలిసినంత మాత్రాన రోగం తొలగదు. తెలిసిన సత్యం ప్రభుత్వ విధానంగా మారాలి. దానికి ధనం, సిబ్బంది, నిత్య పర్యవేక్షణ సమకూరాలి. 1899లో భారతీయ సర్వీసు నుండి విరమించి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరిన రాస్, శేషజీవితమంతా ఈ ప్రచారానికే వినియోగించాడు. ఆఫ్రికాలోని సియర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో పనివారితో దళాలను ఏర్పరచి, నీటిగుంటలు పూడ్పించి, వీధులలో పడవేసిన డబ్బాలనూ సీసాలనూ తొలగింపజేశాడు. ఆ అనుభవంతో దోమల నిర్మూలన దళాల నిర్వహణపై ఒక పుస్తకం కూడా రచించాడు.

సూయజ్ కాలువ తీరంలోని ఇస్మాయిలియా పట్టణం ఆయన సిద్ధాంతానికి గొప్ప నిదర్శనంగా నిలిచింది. నైలు నది మంచినీటిని కాలువ ద్వారా రప్పించిన తరువాత ఆ పట్టణంలో మలేరియా ప్రబలింది. నీటితో పచ్చదనం వచ్చింది. దానితోపాటే జ్వరమూ వచ్చింది. కాలువ సంస్థ ఆహ్వానంపై 1902లో రాస్ అక్కడికి వెళ్లి మార్గం సూచించాడు. చిత్తడినేలలను పూడ్చారు. మురుగుగుంటలలో నూనె చల్లారు. పనివారు ఇంటింటికీ తిరిగి నీటినిలువలను పరీక్షించారు. రోగులకు క్వినైన్ ఇచ్చారు. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ మలేరియా దాదాపు అంతరించింది. కాలువను మూసివేయకుండానే, దాని వల్ల కలిగే కీడును తొలగించవచ్చునని ఇస్మాయిలియా చూపింది. ఇదే మార్గంలో, మరింత విస్తారంగా, పనామా కాలువ నిర్మాణంలో అమెరికా సైనిక వైద్యుడు గోర్గాస్ దోమలపై పోరాడాడు. జ్వరాలకు వేలాది కార్మికులను బలియిచ్చి ఫ్రెంచివారు విడిచిపెట్టిన ఆ కాలువ 1914లో పూర్తయింది.

కాని భారతదేశంలో పరిస్థితి వేరుగా ఉండినది. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ సైనిక స్థావరంలో 1902 నుండి దోమల నిర్మూలన ప్రయోగం జరిగింది. ఆశించిన ఫలితం రాలేదు. ఈ పద్ధతి ఇంత పెద్ద దేశానికి పొసగదనీ, క్వినైన్ పంపిణీ మేలనీ పలువురు అధికారులు వాదించారు. వెచ్చించిన ధనమూ, శుభ్రపరచిన వైశాల్యమూ చాలనందువల్లనే ప్రయోగం విఫలమైందని రాస్ ప్రతివాదం చేశాడు. తాను పుట్టిన దేశమే, తాను సత్యాన్ని కనుగొన్న దేశమే, దానిని ఆచరణలో పెట్టడానికి వెనుకాడుతున్నదనే వేదన ఆయనను వీడలేదు.

ఈ వాదానికి సమాధానం వెతుకుతూ రాస్ తన ప్రియవిషయమైన గణితాన్ని ఆశ్రయించాడు. 1907–08లో మారిషస్ ద్వీపానికి వెళ్లి అక్కడి మలేరియాను అధ్యయనం చేశాడు. ఒక ప్రాంతంలోని దోమలన్నింటినీ చంపనవసరం లేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు చేరితే చాలు, వ్యాధి క్రమంగా అంతరిస్తుందనీ లెక్కలు కట్టి చూపాడు. 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో ఆ లెక్కలను వివరించాడు. అసాధ్యమని అధికారులు తోసిపుచ్చిన పనికి సాధ్యమైన లక్ష్యాన్ని ఆయన ఈ విధంగా నిర్దేశించాడు. అంటువ్యాధుల వ్యాప్తిని గణితంతో అంచనా వేసే శాస్త్రానికి ఇది పునాదులలో ఒకటి. 2020లో కోవిడ్ వ్యాప్తిని అంచనా వేసిన శాస్త్రజ్ఞులు కూడా ఆ బాటలోనే నడిచారు.

రాస్ ముక్కుసూటి మనిషి. త్వరగా నొచ్చుకునే స్వభావం కలవాడు. తన కృషికి తగిన గుర్తింపు రాలేదని తరచు బాధపడేవాడు. కవితలు, నవలలు రచించాడు. 1911లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1926లో లండనులో ఆయన పేరిట ఉష్ణమండల వ్యాధుల పరిశోధన సంస్థ, వైద్యశాల వెలిశాయి. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశాడు. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం, నల్లకుంటలో ఆయన పేరు గల జ్వరాల ఆసుపత్రి హైదరాబాదులో ఆయన స్మృతిచిహ్నాలు. ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకేదనీ, సుమారు 8 లక్షలమంది మరణించేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. ఇళ్ల గోడలపై డి.డి.టి. చల్లడంతో 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు తగ్గింది. విజయం చేతికందిందన్న ధీమాతో శ్రద్ధ సన్నగిల్లింది. దోమలు ఆ మందును తట్టుకునే శక్తిని సంతరించుకున్నాయి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటింది. మందు ఒక్కటే చాలదనీ, నీటినీ నేలనూ సంస్కరించుకోక తప్పదనీ ఆ చేదు అనుభవం బోధించింది. రాస్ తొలినుండి నొక్కి చెప్పిన విషయం ఇదే.

నేడు మలేరియాతో పాటు డెంగీ కూడా మన పట్టణాలను వేధిస్తున్నది. డెంగీ దోమ చెరువులో పుట్టదు. మూతలేని తొట్లలో, పాత టైర్లలో, పూలకుండీల క్రింది పళ్లాలలో పుడుతుంది. గుడ్డు నుండి దోమ వెలువడటానికి వారం పదిరోజులు పడుతుంది. వారానికి ఒక దినం తొట్లను ఖాళీ చేసి ఆరబెట్టాలని ఆరోగ్యశాఖ కోరడంలోని శాస్త్రీయత ఇదే. పూడిక తీసి, చేపలు పెంచి, గుర్రపుడెక్క తొలగించిన చెరువు దోమలకు ఆశ్రయమివ్వదు. అట్టి చెరువు పంటనూ కాపాడుతుంది, ఆరోగ్యాన్నీ కాపాడుతుంది. ఆసుపత్రి రోగికి చికిత్స చేస్తుంది. కాని రోగం పుట్టే చోటును సరిదిద్దవలసిన బాధ్యత పంచాయతీది, పురపాలక సంఘానిది, ప్రభుత్వానిది, ప్రతి గృహస్థునిది. బేగంపేటలో ఒక సూక్ష్మదర్శిని క్రింద వెల్లడైన సత్యం, ఊరూరా ఆచరణకు వచ్చిన నాడే పూర్తిగా సార్థకమవుతుంది.

అభ్యాసం

1. సికింద్రాబాదులో రాస్ సాగించిన పరిశోధనను వివరించండి.
2. ఇస్మాయిలియా, మియాన్ మీర్ అనుభవాల మధ్య గల భేదాన్ని తెలపండి.
3. రాస్ గణితాన్ని ఆశ్రయించడానికి కారణమేమి? దానివల్ల కలిగిన ప్రయోజనమేమి?
4. మీ ఊరిలో నీరు నిలిచే ప్రదేశాలను పరిశీలించి, వాటిని సరిదిద్దే మార్గాలను సూచిస్తూ పురపాలక సంఘానికి లేదా గ్రామ పంచాయతీకి లేఖ రాయండి.