ఇంజెక్టర్ మీద ఉన్న ఆ పేరు ఎవరిది?

1980ల నాటి పాత పోర్షే 944 బానెట్ ఎత్తారనుకోండి. ఇంజన్ మీద ఒక లోహపు గొట్టం, దానికి అమర్చిన వేలెడంత ఇంజెక్టర్లు నాలుగు కనిపిస్తాయి. వయసు మీదపడ్డ స్పోర్ట్స్ కారులో ముందుగా మొరాయించే వాటిలో ఇవీ ఉంటాయి. లోపలి బుల్లి జాలీలో మురికి పేరుకుంటుంది. నెలల తరబడి కారు కదలకపోతే మిగిలిన పెట్రోల్ ఆరిపోయి జిగురులా పట్టేస్తుంది. రబ్బరు ఓ-రింగులు గట్టిపడి పగులుతాయి. పొగమంచులా చిమ్మాల్సిన పెట్రోల్ కాస్తా ధారగా కారుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వణకడం మొదలుపెడుతుంది.

పని తెలిసిన మెకానిక్ ఒక్క ఇంజెక్టర్ మార్చి ఊరుకోడు, నాలుగూ సెట్‌గా మారుస్తాడు. కంప్యూటర్ నాలుగింటికీ ఒకేలా, కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుచుకోమని చెబుతుంది. వాటిలో ఒకటి ఎక్కువ, ఇంకోటి తక్కువ పోస్తే సిలిండర్ల మధ్య లెక్క తప్పుతుంది. అందుకే బ్యాటరీ వైరు తీసి, లైన్‌లో ప్రెషర్ దించి, పాతవి జాగ్రత్తగా లాగేసి, కొత్త ఓ-రింగులకు కొంచెం నూనె రాసి కూర్చోబెడతాడు. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ప్రెషర్ ఎక్కించి ఎక్కడైనా చుక్క కారుతోందేమో చూస్తాడు. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

ఆ పాత ఇంజెక్టర్‌ను గుడ్డతో తుడిస్తే దాని మీద ఒక పేరు బయటపడుతుంది: బాష్. వాషింగ్ మెషిన్ల మీద, డ్రిల్లింగ్ మెషిన్ల మీద కూడా మీరు చూసే ఉంటారు. అది ఒక మనిషి పేరని మనలో చాలామందికి తట్టదు.

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబర్ 23న జర్మనీలో ఉల్మ్ దగ్గరున్న ఆల్బెక్ అనే ఊళ్లో పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రికి పొలం, ప్రయాణికుల సత్రం ఉండేవి. బడి అయ్యాక ఉల్మ్‌లోనే సూక్ష్మ పరికరాల మెకానిక్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. ఆ యజమాని పని నేర్పడం మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. మనలో ఎంతమందికి మొదటి ఇంటర్న్‌షిప్ ఇలాగే గడిచిందో! ఆ చేదు బాష్‌కు జీవితాంతం గుర్తుంది. తర్వాత తన ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌ల శిక్షణకు ప్రత్యేక విభాగం పెట్టించాడు.

ఇంజనీరింగ్ డిగ్రీ ఆయనకు లేదు. స్టుట్‌గార్ట్ టెక్నికల్ కాలేజీలో ఓ ఆరు నెలలు కూర్చుని కరెంటు గురించి పాఠాలు విన్నాడంతే. 1884లో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీలో పనిచేశాడు, తర్వాత ఇంగ్లండ్‌లో సీమెన్స్ దగ్గర. 1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాప్ తెరిచాడు. అప్పుడు ఆయనతో ఉన్నది ఒక మెకానిక్, పైపనులకు ఒక కుర్రాడు. టెలిఫోన్లు బిగించడం, కాలింగ్ బెల్లులు బాగు చేయడం, ఏ పని దొరికితే అది. కస్టమర్ల దగ్గరికి సైకిల్ మీద వెళ్లేవాడు. అప్పులు, ఇంటివాళ్ల సాయం మీద బండి నడిచింది. 1890ల మొదట్లో గిరాకీ పడిపోయి పనివాళ్లలో చాలామందిని పంపేయాల్సి వచ్చింది. స్టార్టప్ అంటే మొదటి రోజు నుంచే ఫండింగ్ అనుకునే ఫ్రెండ్స్ ఈ సంవత్సరాలను ఒకసారి లెక్కపెట్టుకోండి. నిజమైన మలుపు రావడానికి పదేళ్లు పైనే పట్టింది.

ఆ మలుపు పేరు మాగ్నెటో, అంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరం. 1887లో ఒక కస్టమర్ అడిగితే, అప్పటికే ఒక కంపెనీ వాడుతున్నదాన్ని చూసి, దానికి పేటెంట్ లేదని తెలుసుకుని, మెరుగుపరిచి తయారుచేశాడు. అది ఒకచోట కదలకుండా మెల్లగా తిరిగే ఇంజన్ల కోసం. 1897లో ఒక మూడు చక్రాల డి డియోన్ బూటన్ వాహనానికి దాన్ని బిగించాలన్న ఆర్డర్ వచ్చింది. ఆ ఇంజన్ వేగానికి పాత డిజైన్ తట్టుకోలేదు. ఫోర్‌మన్ ఆర్నల్డ్ జేరింగర్ దారి కనిపెట్టాడు: బరువైన భాగాన్ని ఆడించడం మానేసి, దాని చుట్టూ తేలికైన తొడుగును ఆడించాడు. 1902లో గాట్‌లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీర్ హై వోల్టేజ్ మాగ్నెటోను స్పార్క్ ప్లగ్‌తో కలిపి పూర్తిచేశాడు. ఈ హోనోల్డ్ అంతకుముందు అదే వర్క్‌షాప్‌లో కుర్ర అప్రెంటిస్. రెండు పెద్ద విజయాలూ యజమాని చేతుల్లోంచి రాలేదని గమనించండి. తనకంటే తెలివైనవాళ్లను పెట్టుకుని వాళ్లకు పని అప్పగించడమే బాష్ అసలు ప్రతిభ అని నా లెక్క.

1906లో ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. జీతాలూ బాగా ఇచ్చేవాడు. తోటి యజమానులకు ఇది నచ్చక ఆయన్ని ఎర్ర బాష్ అన్నారు. అయినా 1913లో ఆయన దగ్గరా సమ్మె జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి విదేశీ వ్యాపారం కూలింది. అమెరికాలో ఆస్తులు పోయాయి. యుద్ధంలో వచ్చిన లాభాన్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఇష్టపడక, నెకార్ నదిలో పడవలు నడిచేలా చేసే పథకానికి పెద్ద మొత్తం ఇచ్చేశాడు. 1921లో పెద్ద కొడుకు జబ్బుతో చనిపోయాడు.

ఇక ఇంజెక్టర్ దగ్గరికి వద్దాం. రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్‌లో నూనెను సిలిండర్‌లోకి ఊదడానికి కంప్రెసర్ కావాలి. అది ఓడలో పడుతుంది, లారీలో పట్టదు. 1922 చివర్లో బాష్ కంపెనీ ఈ సమస్య మీద కూర్చుంది. పని వినడానికి సులువే: సిలిండర్‌లోకి చుక్క నూనెను విపరీతమైన ఒత్తిడితో, నిమిషానికి వందల సార్లు, ప్రతిసారీ ఒకే కొలతలో పంపాలి. పంపులో దూరే కడ్డీకీ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కలో ఉండాలి. ఖాళీ ఎక్కువైతే నూనె కారిపోతుంది, తక్కువైతే కడ్డీ పట్టేస్తుంది. ఒక్కటి చేయడం వేరు, వేలల్లో ఒకేలా చేయడం వేరు. ఈలోగా జర్మన్ కార్ల మార్కెట్ పడిపోయి 1926లో కంపెనీ గట్టి దెబ్బ తింది. అయినా పని ఆపలేదు. 1927లో పంపుల ఉత్పత్తి మొదలైంది. అప్పటికి బాష్ వయసు 66.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది కానీ అది సగం నిజమే అవుతుంది. డీజిల్ పంపుల అనుభవంతోనే పెట్రోల్ ఇంజెక్షన్ పుట్టింది, అదీ ముందు విమానాల కోసం. జర్మన్ యుద్ధ విమానం మెసర్‌ష్మిట్ 109లోని డైమ్లర్ బెంజ్ ఇంజన్‌కు ఇంజెక్షన్ పంపు బాష్‌దే. ముక్కు దించి ఒక్కసారిగా కిందికి దూకితే కార్బురేటర్ ఉన్న బ్రిటిష్ విమానం ఇంజన్ తడబడేది, దీనికి ఆ బాధ లేదు. హిట్లర్ అంటే బాష్‌కు గిట్టదు. యూదులు తప్పించుకోవడానికి డబ్బు ఇచ్చాడు. హిట్లర్ వ్యతిరేకి గోర్డెలర్‌కు కంపెనీలో సలహాదారు ఉద్యోగం ఇచ్చి అండగా నిలిచాడు. అదే సమయంలో ఆయన ఫ్యాక్టరీలు హిట్లర్ సైన్యానికి సరుకు తయారుచేశాయి. యుద్ధకాలంలో వేలమందితో బలవంతంగా పని చేయించుకున్నాయి. 1942 మార్చి 12న ఆయన చనిపోతే నాజీ ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఈ రెండు వైపుల్లో ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని దాచడం కుదరదు. మీరు రాసే కోడ్ ఎవరి చేతుల్లోకి వెళ్తుందో ఆలోచించే రోజు వస్తే బాష్ జీవితంలోని ఈ భాగాన్ని తప్పక చదవండి.

యుద్ధం తర్వాత ఆ విద్య కార్లలోకి దిగింది. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, అదే రెక్కల్లా పైకి లేచే తలుపుల కారు, పెట్రోల్‌ను బాష్ పంపుతో నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది. తాళం ఆపినా ఇంజన్ పూర్తిగా ఆగేదాకా పంపు పోస్తూనే ఉండటంతో ఆ పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసేది. అందుకే ఆయిల్ తరచూ మార్చుకోవాలి. 1967లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వాగన్ కారుతో మొదలైంది. 944లో మీరు విప్పే ఇంజెక్టర్ ఆ వంశంలోదే.

కంపెనీ లాభాలు సమాజానికి పనికిరావాలని ఆయన వీలునామాలో కోరుకున్నాడు. 1964 నుంచి కంపెనీలో అత్యధిక వాటా ఒక ధర్మసంస్థ చేతిలో ఉంది. ఇక మన దగ్గర 1951లో బెంగళూరులో మైకో పేరుతో ఫ్యాక్టరీ వచ్చింది. డీజిల్ పంపులు, స్పార్క్ ప్లగ్గులు అక్కడి నుంచే వచ్చేవి. ఆ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారింది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ డీజిల్ పంపు షాపులోనైనా పెద్ద మేస్త్రీని అడగండి, ఆయన ఇప్పటికీ మైకో పంపు అనే అంటాడు. ఆయన టెస్టింగ్ మెషిన్ మీద వరుసగా గాజు గొట్టాలుంటాయి. పంపు తిప్పితే ఒక్కో గొట్టంలోకి నూనె ఎక్కుతుంది. అన్నింట్లో మట్టం ఒకే గీత దగ్గర నిలిచేదాకా ఆయన స్పానర్ కింద పెట్టడు.