తొలి టాకీ తల్లి సురభి కమలాబాయి: డేరాలో పుట్టిన చదువు

తెలుగు సినిమాకు మొదటి కథానాయిక ఎవరని అడిగితే చాలామంది కాంచనమాల దగ్గరో, భానుమతి దగ్గరో ఆగిపోతారు. అంతకు ముందు, మైకు ముందు నిలబడి తెలుగులో మాట్లాడిన, పాడిన తొలి నటి పేరు సురభి కమలాబాయి. ఆమె ఏ స్టూడియోలోనూ శిక్షణ పొందలేదు, ఏ బడిలోనూ నటన నేర్చుకోలేదు. ఊరూరా తిరిగే నాటకాల డేరాలోనే పుట్టింది, అక్కడే పెరిగింది.

కడప జిల్లాలోని సురభి అనే చిన్న ఊళ్లో 1885లో కీచకవధ నాటకం ఆడారు. ఆడించినవాడు వనారస గోవిందరావు. మరాఠీ మూలాలున్న ఆ కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాటతో ఊళ్లు తిరిగిన సంచార కళాకారులు. తెర వెనుక బొమ్మను ఆడించిన చేతులే ఆ తర్వాత తెర ముందుకు వచ్చి వేషం కట్టాయి. ఊరి పేరే సమాజం పేరైంది. ఆ సమాజాన్ని మిగతా నాటక సమాజాల నుంచి వేరు చేసింది ఒక నిర్ణయం. ఆడవేషాలు ఆడవాళ్లే వేస్తారు.

ఇప్పుడు ఇది చిన్న మాటలా కనిపిస్తుంది. అప్పుడు కాదు. పరువుగల ఇంటి ఆడది పదిమంది ముందు పాడకూడదు, ఆడకూడదు అనేది పైకులాల కట్టుబాటు. పాడేవాళ్లు, ఆడేవాళ్లు కళావంతుల స్త్రీలు, సంచార జాతుల స్త్రీలు. వాళ్ల కళ కావాలి, వాళ్లకు గౌరవం మాత్రం ఇవ్వరు. అందుకే పెద్ద సమాజాల్లో మగవాళ్లే చీర కట్టి సత్యభామలయ్యారు. కళ విలువను కూడా కులం, లింగం కలిసే తూకం వేశాయి.

ఈ వాతావరణంలో కమలాబాయి 1907లో పుట్టింది. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చాయనీ, రంగస్థలం మీదే కాన్పు అయిందనీ సురభి కుటుంబాలు చెప్పుకుంటాయి. ఈ కథను అందరూ అబ్బురంగా చెబుతారు. మనం ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి కూడా వేషం కట్టి నిలబడిందంటే, ఆట ఆగితే పొయ్యి వెలగదనే కదా అర్థం! డేరాలో అందరూ కూలీలే. నటులే తెరలు కడతారు, దీపాలు చూస్తారు, వంట వండుతారు, బండ్లకు సామాను ఎక్కిస్తారు.

పిల్లలకూ మినహాయింపు లేదు. నడక రాగానే కమలాబాయి బాలకృష్ణుడైంది, ప్రహ్లాదుడైంది, లవకుశుల్లో ఒకరైంది. పద్యం గొంతెత్తి ఎలా అందుకోవాలో, వెనక వరుసలో నేల మీద కూర్చున్నవాడికి మాట ఎలా చేరాలో, హార్మోనియం శ్రుతి తప్పితే ఎలా సర్దుకోవాలో ఆమెకు ఆ వయసులోనే తెలిసింది. ఊరు మారుతూ ఉంటే బడి ఎక్కడ దొరుకుతుంది? బడి బదులు డేరా, పాఠం బదులు పద్యం. పెద్దయ్యాక సీత, శకుంతల లాంటి పాత్రలకు ఎదిగింది. అవసరమైతే మగవేషాలూ కట్టింది.

1930ల మొదట్లో సినిమాకు మాట వచ్చింది. అర్దేషిర్ ఇరానీ నిర్మాణంలో హెచ్.ఎం. రెడ్డి తెలుగులో భక్త ప్రహ్లాద తీయడానికి పూనుకున్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారం. ప్లేబ్యాక్ పద్ధతి ఇంకా రాలేదు. కెమెరా తిరుగుతుండగానే పాడాలి, మాట్లాడాలి, నటించాలి. అలాంటివాళ్లు సినిమా కంపెనీల్లో లేరు, నాటకాల డేరాల్లో ఉన్నారు. అలా కమలాబాయి బొంబాయి వెళ్లింది. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, అతని భార్య లీలావతిగా కమలాబాయి. చిన్నప్పుడు ప్రహ్లాదుడి వేషం కట్టిన పిల్ల, తొలి టాకీలో ప్రహ్లాదుడికి తల్లి అయింది. భర్త ఆజ్ఞకూ బిడ్డ ప్రాణానికీ మధ్య నలిగిపోయే పాత్ర అది.

ఆ సినిమా 1931 సెప్టెంబర్‌లో వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. పాత రికార్డులు వెతికాక 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. తేదీ మీద బోలెడంత చర్చ జరిగింది. అందులో నటించిన ఆడమనిషి బతుకు మీద అంత చర్చ జరగలేదు.

అదే 1932లో సాగర్ మూవీటోన్ వారి పాదుకా పట్టాభిషేకంలో అద్దంకి శ్రీరామమూర్తి రాముడైతే ఆమె సీత. శకుంతలలో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడైతే ఆమె శకుంతల. అంటే తెలుగులో వచ్చిన మొదటి మూడు టాకీల్లోనూ ప్రధాన స్త్రీ పాత్ర ఆమెదే. ఆ తర్వాత కొన్నేళ్లు బొంబాయిలోనే ఉండి హిందీ సినిమాల్లోనూ నటించింది. 1938లో విశాఖపట్నం ఆంధ్రా సినీటోన్ తీసిన భక్త జయదేవలో కనిపించింది.

కాలం మారింది. కొత్త ముఖాలు వచ్చాయి, చదువుకున్న ఇళ్ల ఆడపిల్లలూ మెల్లగా రావడం మొదలైంది. కమలాబాయి తల్లి పాత్రలకు జరిగింది. 1951లో పాతాళభైరవిలో తోట రాముడి తల్లి ఆమే. అదే సినిమాలో ఒక నాట్యంలో కాసేపు కనిపించే అమ్మాయి సావిత్రి. తను కూడా చిన్నతనంలో నాట్యం నేర్చి వేదికలెక్కి వచ్చిందే. ఒక తరం వెళ్తూ ఉంది, ఒక తరం వస్తూ ఉంది. కమలాబాయి 1971లో కన్నుమూసింది.

సత్యభామ పాత్రకు పేరుపొందిన స్థానం నరసింహారావు కూడా 1971లోనే చనిపోయారు. ఆయన గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషం వేసిన మగవాడికి బిరుదులు దక్కిన కాలంలోనే, ఆడవేషం వేసిన ఆడదాన్ని అనుమానంగా చూశారు. ఈ తేడాను చరిత్రలో రాసుకోవాలి.

కులం లెక్క వేస్తే ఇంకా లోతుకు వెళ్లాలి. మలయాళంలో తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. విగతకుమారన్‌లో నాయర్ స్త్రీ పాత్ర వేసినందుకు ఆమె మీద దాడి చేసి ఊరి నుంచే తరిమేశారు. ఆమె మళ్లీ తెర మీద కనిపించలేదు. కమలాబాయి సీతగా నిలబడగలిగింది, రోజీ నిలబడలేకపోయింది. తేడా ప్రతిభలో లేదు. మన దగ్గర 1938లో మాలపిల్ల వచ్చింది. అంటరానితనం మీద ధైర్యంగా తీసిన సినిమాయే, కానీ ఆ మాలపిల్ల పాత్ర వేసింది దళిత నటి కాదు, కాంచనమాల.

మరి దళితుల్లో బాలనటులు లేరా? నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ చిన్నతనంలోనే బాలకృష్ణుడి వేషంతో గజ్జె కట్టింది. మాదిగలను ఆశ్రయించి బతికే చిందు కులంలో పుట్టి, 2005లో చనిపోయేదాకా యక్షగానమే ఊపిరిగా బతికింది. అదే వేషం, అలాంటి గొంతు, అలాంటి బాల్యం. కమలాబాయి దగ్గరికి బొంబాయి కబురు వచ్చింది. ఎల్లమ్మను కథానాయికగా చేయడానికి ఏ కంపెనీ రాలేదు. ప్రొసీనియం నాటకానికి టికెట్టు పెట్టారు, వాడకట్టులో ఆడే చిందును జానపదం అని పక్కన పెట్టారు.

కమలాబాయిని తక్కువ చేయడానికి కాదు ఈ పోలిక. సంచార కుటుంబంలో పుట్టి, బడి లేకుండా, ఒక భాష సినిమాకే గొంతు ఇచ్చిన మనిషి ఆమె. ఆ గౌరవం ఆమెకు పూర్తిగా దక్కాలి. జన్వాడకు ఎంతో దూరం లేని శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉన్నారు. సినిమా చరిత్ర మీద పని చేసే విద్యార్థులు పాత పోస్టర్ల కంటే ముందు ఆ గడపలు తొక్కాలి. అక్కడి నుంచి చిందు మేళాల దగ్గరికీ నడవాలి. పేర్లు రాసుకోవాలి. రాయని పేర్లు మొదట మనవాళ్లవే పోతాయి.