ఒక్క డాక్టరమ్మతో అయ్యే పని కాదు

ఇంట్లో ఎవరికైనా జబ్బు ఎంతకీ తగ్గకపోతే, ఇక రాయవేలూరు తీసుకెళ్లండి అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ పెద్దాసుపత్రి వరండాల్లో అరవంతో పాటు తెలుగూ చెవిన పడుతూనే ఉంటుంది. కానీ దానికి పునాది వేసిన ఇడా స్కడర్ గురించి మనలో ఎందరికి తెలుసు?

ఆవిడ కథ చెప్పేవాళ్లంతా ఒక రాత్రితో మొదలుపెడతారు. మనమూ అక్కడికే వద్దాం. అయితే ఆ రాత్రి ఇడాను డాక్టరును చేసిందేగానీ, ఆసుపత్రిని నిలబెట్టింది మాత్రం ఆ తర్వాత ఆవిడ నేర్చుకున్న మరో సంగతి.

ఇడా 1870 డిసెంబరు 9న వేలూరు పక్కనే ఉన్న రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడర్ అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిన మిషనరీ వైద్యుడు. తండ్రీ డాక్టరే. ఐదుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. 1877 నాటి కరువును పసితనంలోనే కళ్లారా చూసింది. తర్వాత చదువుకి అమెరికా వెళ్లిపోయింది. ఈ ఎండలూ, రోగాలూ, ఆకలీ తనకొద్దని, అక్కడే పెళ్లి చేసుకుని హాయిగా ఉండాలని అనుకుంది. ఆ వయసు పిల్ల అలా అనుకోవడంలో తప్పేముంది చెప్పండి? తల్లికి జబ్బు చేసిందని కబురు వస్తే 1890లో దిండివనం వచ్చింది. నాలుగు రోజులుండి తిరిగి వెళ్లిపోదామనే వచ్చింది.

అక్కడే జరిగింది ఆ రాత్రి. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి తలుపు తట్టాడు. భార్యకు కాన్పు కష్టమైంది, మంత్రసాని చేతులెత్తేసింది, అమ్మా మీరు రండి అని బతిమాలాడు. తనకు వైద్యం రాదని, డాక్టరు నాన్నగారేనని, ఆయన్ని పంపుతానని ఇడా చెప్పింది. పరాయి మగవాణ్ని పురిటిగదిలోకి రానిచ్చేది లేదంటూ అతను వెనుదిరిగాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం, అదే జవాబు. తర్వాత ఇంకొక హిందువు. అతనూ అంతే. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారన్న కబురు తెలిసింది. పక్కింట్లోనే డాక్టరు ఉండి కూడా!

ఇడా ఇంకేమీ ఆలోచించలేదు. డాక్టరు చదువుకని అమెరికా తిరిగి వెళ్లింది. మొదట ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్‌లో అమ్మాయిలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా అందుకుంది. షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరు మీద ఆసుపత్రి కట్టమని 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900 జనవరికల్లా ఇడా ఇక్కడికి చేరుకుంది. అప్పటికి చిత్తూరు, వేలూరు ఒకే జిల్లా. ఉత్తర ఆర్కాటు జిల్లా అనేవారు. 1911లో విడిపోయేదాకా చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యపట్టణం. అందుకే ఇడా కథ మనకి పొరుగింటి కథ.

తండ్రి దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకోవచ్చనుకుంది. కానీ వచ్చిన కొద్ది నెలలకే ఆయన పోయాడు. కొత్త డాక్టరమ్మ ఒంటరిదైపోయింది. బంగళాలో ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది. సాయం పట్టడానికి దొరికింది సలోమి. ఆ ఇంటి వంటవాడి భార్య! ఏ బడిలోనూ నర్సు పని చదవలేదు. గుడ్డలు ఉడకబెట్టడం, కట్లు కట్టడం, వచ్చిన ఆడవాళ్లకు భయం పోగొట్టడం, అన్నీ ఇడా పక్కన నిలబడే నేర్చుకుంది. వేలూరు ఆసుపత్రి మొదటి బృందం అంటే ఆ ఇద్దరు ఆడవాళ్లే. రెండేళ్లలో 5,000 మంది రోగులను చూశారు.

ఇక్కడే ఇడాకు అసలు సంగతి తెలిసొచ్చింది. ఇంట్లో ఒక్కరు మంచాన పడితేనే గంజి కాచేవాళ్లొకరు, రాత్రి మేలుకునేవాళ్లొకరు, మందుల కోసం పరుగెత్తేవాళ్లొకరు కావాలి. అది మనకు తెలియనిది కాదు. అలాంటిది 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి తెరిచాక డాక్టరమ్మ ఒక్కతి ఏం చేస్తుంది? ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా, ఆ రాత్రి జ్వరం చూసి కట్టు తడిసిందా లేదా అని కనిపెట్టే మనిషి లేకపోతే తెల్లవారేసరికి రోగి దక్కకపోవచ్చు.

అందుకని 1909లో నర్సుల బడి మొదలైంది. దాని బరువు డీలియా హౌటన్ అనే అమెరికన్ నర్సు మోసింది. అమ్మాయిలు దొరకడమే గగనమయ్యేది. పరాయివాళ్ల పుండ్లు కడగడమా, మైల గుడ్డలు ముట్టుకోవడమా, మగవాళ్లుండే చోట రాత్రిపూట కూతుర్ని ఉంచడమా అని పెద్దవాళ్లు ముఖం తిప్పుకునేవారు. తొలిరోజుల్లో వచ్చినవాళ్లు ఎక్కువగా క్రైస్తవుల అమ్మాయిలే. జ్వరం చీటీ రాయడం, మందు మోతాదు కొలవడం, కత్తెరలు శుభ్రం చేయడం దగ్గర్నుంచి, రోగి పరిస్థితి మారితే డాక్టరుకు ఎప్పుడు కబురు పెట్టాలన్నది కూడా వాళ్లు నేర్చుకున్నారు. నన్నడిగితే ఆ ఆఖరిదే అన్నిటికన్నా పెద్ద చదువు.

ఆ ఏడాదే ఇడాకు ఒక ప్యూజో కారు చేతికొచ్చింది. అప్పటిదాకా ఎద్దుబండే గతి. వారానికోసారి గుడియాత్తం దారిలో బయలుదేరేది. ఫలానా చింతచెట్టు కింద, ఫలానా మర్రిచెట్టు కింద కారు ఆగుతుందని ఊళ్లకు తెలిసిపోయింది. గుర్రం లేకుండా కదిలే బండిని చూసి మొదట్లో దయ్యమని పరుగెత్తినవాళ్లే, తర్వాత పొద్దున్నే వచ్చి కాచుకుని కూర్చునేవారు. డాక్టరమ్మ ఒక పక్క రోగం చూస్తుంటే, ఇంకో పక్క ఒకరు మందు పోసి ఇస్తుంటారు, ఒకరు పుండు కడిగి కట్టు కడుతుంటారు, మరొకరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవాళ్లను బండెక్కిస్తుంటారు. ఎవరి పని వాళ్లది. అయినా ఒకరు ఆగితే వరస మొత్తం ఆగిపోతుంది.

ఆ చెట్ల కింద కుష్ఠురోగులు కాస్త దూరంగా కూర్చునేవారు. వాళ్ల పుండ్లు శుభ్రం చేసి కట్టు కట్టడం తప్ప ఆనాడు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. వంకరపోయిన వేళ్లు వంకరగానే ఉండిపోయేవి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఎంత తిరిగినా ఆడ డాక్టర్లు చాలడం లేదు. సరే, మనమే తయారు చేద్దాం అనుకుంది ఇడా. ఆడపిల్లలకు వైద్య విద్యాలయం పెడతానంటే మద్రాసులోని పెద్ద అధికారులు పెదవి విరిచారు. ఎవరు చేరతారన్నారు. 1918 ఆగస్టులో చాలీచాలని సామగ్రితో తరగతులు మొదలయ్యాయి. మొదటి ఏడాది ప్రభుత్వ పరీక్షలో మగపిల్లలు ఎక్కువమంది తప్పితే, వేలూరు అమ్మాయిలందరూ పాసయ్యారు! 1922లో పద్నాలుగు మంది పట్టాలు అందుకున్నారు. పాఠాలు చెబుతూ, కాన్పులు చేస్తూ, సాయంత్రం టెన్నిస్ కూడా ఆడేది మన డాక్టరమ్మ. అరవై దాటాక కూడా కుర్రవాళ్లను ఓడించేదట.

తర్వాత వచ్చింది పెద్ద దెబ్బ. 1938లో మద్రాసు ప్రభుత్వం పాత ఎల్.ఎం.పి. చదువు చెల్లదంది. ఇకమీదట ఎం.బి.బి.ఎస్. ఉండాల్సిందే. దానికి మరిన్ని పడకలు, మరిందరు ప్రొఫెసర్లు, బోలెడంత డబ్బు కావాలి. డెబ్భై ఏళ్ల వయసులో ఇడా అమెరికా వెళ్లి యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి చందాలు అడిగింది. డబ్బిస్తామన్నవాళ్లలో కొందరు మగపిల్లలను కూడా చేర్చుకోమన్నారు. ఆడపిల్లల కోసమని ఇన్నేళ్లూ పైసా పైసా పోగు చేసి పంపిన స్నేహితురాళ్లకు కడుపు మండింది. లూసీ పీబాడీ లాంటి పాత నేస్తాలే ఎదురు తిరిగారు. ఇడా చాలా నలిగిపోయింది. ఆఖరికి ఒప్పుకుంది. ఆ నిర్ణయం తప్పని అనేవాళ్లు అప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ల బాధ అర్థం కానిది కాదు. కానీ ఒప్పుకోకపోతే కళాశాల మూతపడేది, వందమంది కలిసి కట్టుకున్నది ఒక్క పంతంతో పోయేది. 1947లో మగ విద్యార్థులు కూడా అడుగుపెట్టారు.

దానికి ఏడాది ముందే, 1946లో, నర్సుల బడి బి.ఎస్‌సి. నర్సింగ్ కళాశాల అయింది. సలోమి పక్కన నిలబడి నేర్చుకున్న పనికి ఇప్పుడు విశ్వవిద్యాలయం డిగ్రీ! ఇడా ఆ ఏడే పదవి దిగింది. ఆ తర్వాత కళాశాల పగ్గాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ చేతికొచ్చాయి. ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు ఒక తెలుగునేల ఆడపడుచు అన్న సంగతి మన పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా?

ఇప్పుడు ఆ చింతచెట్ల కింది కుష్ఠురోగుల దగ్గరికి వద్దాం. 1946లో పాల్ బ్రాండ్ అనే ఎముకల డాక్టరు వేలూరు వచ్చాడు. 1948లో కుష్ఠువల్ల ముడుచుకుపోయిన చేతులను ఆపరేషన్‌తో బాగుచేయడం మొదలుపెట్టాడు. బాగున్న కండరపు స్నాయువును తీసి, పనిచేయని వేలికి అతికిస్తారు. అయితే కత్తి పని అక్కడితో సరి. ఆ వేలు కొత్తగా కదలడం నేర్చుకోవాలి. దానికి ఫిజియోథెరపిస్టు రోజుల తరబడి కూర్చోబెట్టి నేర్పాలి. స్పర్శ లేని కాలికి పుండు పడకుండా మెత్తని చెప్పులు కావాలి. దానికి చెప్పులు కుట్టేవాడు కావాలి. చేయి బాగైనా పని ఎవరిస్తారు? వడ్రంగం లాంటి పనులు నేర్పేందుకు నవజీవ నిలయం అని ఒక చిన్న ఊరే కట్టారు. కళ్లు పోకుండా చూసే పని బ్రాండ్ భార్య, కంటి డాక్టరు మార్గరెట్ తీసుకుంది. ఒక్క చేయి అన్నం కలుపుకోవాలంటే ఇంతమంది కావలసి వచ్చింది మరి.

అక్కడి డాక్టర్లలో మేరీ వర్గీస్ అనే కేరళ అమ్మాయి ఉండేది. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. ఇక బతుకు మంచానికే అనుకున్నారంతా. నిలబడకుండానే చేసే ఆపరేషన్లు కదా ఈ చేతులవి! చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠురోగుల చేతులు బాగుచేసింది. అప్పటికి ఇడా కొడైకెనాల్ కొండమీద ఇంట్లో ఉంటోంది. డాక్టర్ ఇడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆవిడకు చేరేదని చెప్పుకుంటారు.

1960 మే 24న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఇడా కన్నుమూసింది. పెళ్లి చేసుకోలేదు. ఆరేళ్ల తర్వాత వేలూరులో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్ల కోసం ఒక పునరావాస కేంద్రం వెలిసింది. దాన్ని నడిపింది చక్రాల కుర్చీలోని మేరీ వర్గీసే.