రక్తపు చుక్కలో లెక్క తేల్చిన సుబ్బారావుగారు

మన రామచంద్రపురంలో రక్తపరీక్ష చేసేచోట బల్లమీద గిరగిర తిరిగే యంత్రం ఒకటి చూసే ఉంటారు. అదే సెంట్రిఫ్యూజ్. రక్తమున్న గొట్టాన్ని అందులో తిప్పితే బరువైన కణాలు అడుక్కి దిగి, సీరం పైన తేరుకుంటుంది. యంత్రం వేరు చేసి పెడుతుందేగాని లెక్క చెప్పదు. ఆ సీరంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే సులువైన దారి చూపినవారిలో ఒకరు మన గోదావరి బిడ్డ, డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష పోయిన మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి! మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి ఆపరేషన్ గదికి వెళ్లి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకుంది.

తర్వాత అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట ఊడిగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆ పద్ధతి ప్రకటించారు. ముందు ఆమ్లంతో మాంసకృత్తులను విరిచి వేరు చేయాలి. మిగిలిన ద్రవానికి మాలిబ్డేటు, క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. ఈ లెక్క చేతికి వచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆపైన 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన కొలువు దొరకలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తోడబుట్టినవాళ్లను తీసుకుపోయిన స్ప్రూకు అది మందైంది. అదే బృందం చేసిన అమినోప్టెరిన్‌తో రక్తపు క్యాన్సరు పిల్లలకు కొంతకాలమైనా ఊరట దొరికింది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా వారి చలవే. కాలువలు, దోమలు, బోదకాళ్లు ఎరిగిన మన సీమకు ఇంతకన్న దగ్గరి మందు ఏముంది?

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. వెళ్లినవారు మళ్లీ స్వదేశం చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు, సొంత ఊళ్లలోనే చాలామందికి పేరు తెలియదు. రేపు ప్రయోగశాలలో గొట్టంలో నీలిరంగు తేలినప్పుడు, దాని వెనకనున్న మనవాణ్ణి ఒక్కసారి తలచుకుందాం. ఆ ఋణం తీర్చడానికి అది తొలి మెట్టు.